ఎర్ర పీలిక చెప్పిన దిక్కు

ఒడెత్ పిన్ని సరిగ్గా పేడకుప్పలో దిగింది.

దిగింది అనకూడదు. దూసుకొచ్చి పడింది. పారాచూట్ ఆమెను కప్పేసింది. కంచె విరిగింది. ఆవులు బెదిరి, మెడలో గంటలు మోగుతుండగా పరుగెత్తాయి. దారిలో ఎర్ర పీలిక కట్టిన కర్రను తొక్కి పడేశాయి.

"పిన్నీ! బతికే ఉన్నావా?" పదేళ్ల బ్లాండీన్ పరుగున వచ్చింది.

"కంపు తెలుస్తోంది. అంటే బతికే ఉన్నా." పిన్ని లేవబోయి కూలబడింది. చీలమండ వాచిపోతోంది. "కానీ ఇదేంటే? పైనుంచి చూశాను. పీలిక ఏటి వైపు ఎగురుతోంది. అంటే గాలి కొండ నుంచి వస్తోందనేగా? గాలికి ఎదురు తిరిగి దిగాలని కొండకేసి తిరిగాను. మరి గాలి నన్ను వెనక నుంచి తోసిందేంటి?"

బ్లాండీన్‌కీ అర్థం కాలేదు. పీలిక ఏటి వైపే ఎగరడం తనూ చూసింది.

తాతయ్య అన్సెల్మ్ వచ్చాడు. విరిగిన కంచెను చూశాడు. కూతురి కాలు చూశాడు.

"విమానంలోంచి దూకుతుంటే సరేలే అనుకున్నా. ఇప్పుడు కొండ మీంచి పరుగెత్తి దూకడమా! అసలు ఈ పిచ్చికి పేరుందా?"

"ఇంకా కుదర్లేదు నాన్నా. నిరుడేగా మొదలెట్టాం. విమానం అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు. కాళ్లుంటే చాలు."

"ఆ కాళ్లే విరగ్గొట్టుకుంటున్నావు! ఆదివారం నీ స్నేహితులెవరూ నా బయల్లో దిగడానికి వీల్లేదు."

పిన్ని ముఖం వాడిపోయింది. ఈ లోయలో దిగడానికి చదునైన నేల ఇదొక్కటే. ఇది పోతే ఆటే పోతుంది.

"గాలి చూడ్డం నాకే రాలేదు. తప్పు నాదే," అంది మెల్లగా.

ఆ మాట బ్లాండీన్‌కి గుచ్చుకుంది.

పొద్దున పిన్ని, "కర్ర గుట్ట మీద పాతు" అంది. బయల్లోని ఆ చిన్న గుట్ట చుట్టూ కోయని గడ్డి. తాతయ్యేమో, "ఆ గడ్డిలో కాలు పెట్టావో, చూడు! తొక్కిన గడ్డి కొడవలికి అందదు" అన్నాడు. బ్లాండీన్ కాసేపు తికమకపడింది. చివరికి కర్రను గడ్డిపాక వెనక, కొండ వైపు పాతేసింది. ఎవరికీ చెప్పలేదు. గుట్టకీ పాకకీ నలభై అడుగులు. గాలి ఎక్కడైనా గాలేగా!

కాదా?

పిడికెడు ఎండుగడ్డి పొట్టు తీసుకుని పాక వెనక్కి వెళ్లింది. వదిలింది. పొట్టు పాక గోడకేసి, ఏటి వైపు వెళ్లింది. పాక పక్కకి వచ్చి వదిలింది. పొట్టు కొండ వైపు పోయింది!

ఒకే చోట రెండు గాలులా? ఐదుసార్లు వదిలి చూసింది. అదే తంతు.

అప్పుడు ఏట్లోని పెద్ద బండరాయి గుర్తొచ్చింది. బండ వెనక నీళ్లు సుడి తిరుగుతాయి. ఆకులు వెనక్కి నడుస్తాయి. పాక కూడా గాలికి బండరాయే!

కర్ర ఇంకా నేల మీదే పడి ఉంది. తీసి గుట్ట మీద పాతేస్తే ఎవరికీ తెలియదు. బ్లాండీన్ కర్రను చేతిలోకి తీసుకుంది. గుట్ట వైపు చూసింది. తర్వాత కర్రతోనే ఇంట్లోకి నడిచింది.

అందరూ సూప్ తాగుతున్నారు.

"దీన్ని గుట్ట మీద పాతలేదు. పాక వెనక పాతాను. పిన్ని తప్పు కాదు."

తాతయ్య చెంచా ఆగిపోయింది.

"గుట్ట మీద ఎందుకు పాతలేదు?"

"గడ్డిలో కాలు పెట్టొద్దన్నావుగా."

పిన్ని నుదురు కొట్టుకుంది. "నేనూ పీలిక ఎటు ఎగురుతోందో చూశానే తప్ప, ఎక్కడుందో చూడలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది కదే!"

తాతయ్య సూప్ సగంలో వదిలేసి లేచాడు. కోప్పడ్డాడో లేదో బ్లాండీన్‌కి తెలియలేదు.

ఆదివారం తెల్లవారగానే బయట సర్, సర్‌మని చప్పుడు. తాతయ్య కొడవలితో ఉన్నాడు. కోయని గడ్డి మధ్య నుంచి గుట్ట దాకా సన్నటి దారి. మనిషి పట్టేంతే.

"కర్ర పట్టుకెళ్లు. దారి దాటి పక్కన కాలేశావో, చెవి మెలేస్తా."

మధ్యాహ్నం పిన్ని స్నేహితులు ముగ్గురు కొండ మీద సిద్ధంగా ఉన్నారు. కర్ర నిలబడి ఉంటే దూకాలి. పడుకోబెడితే ఆగాలి. కంచె మీద ఊరి పిల్లలు వరసగా కూర్చున్నారు.

గుట్ట మీద బ్లాండీన్ పట్టుకున్న కర్రకి పీలిక కొండ వైపు ఎగిరింది. వాలింది. ఏటి వైపు తిరిగింది. మళ్లీ వాలింది.

బ్లాండీన్ కర్రను పడుకోబెట్టింది.

"ఏయ్ పిరికిదానా! లేపవే!" కంచె మీంచి అరుపులు.

ఆమె కదల్లేదు. తాతయ్య దారి వెంట వచ్చాడు. "గాలి ఎటు?"

"తెలీదు తాతయ్యా. అందుకే పడుకోబెట్టా."

తాతయ్య ఆమె పక్కనే కూర్చుని, చీజ్ ముక్క కోసి ఇచ్చాడు. గాలి కుదురుకునే దాకా ఇద్దరూ గడ్డి కొసలు ఎటు ఊగుతాయో చూస్తూ ఉండిపోయారు.