సగం నొక్కిన బటన్

వాన రోజుల్లో నా కొట్టుకి ఎవరూ రారు. కెమెరాకీ నీళ్లకీ పుట్టుకతోనే పడదు. ఆ మధ్యాహ్నం తలుపు ఓరగా వేసుకుని, బల్ల మీద దీపం వంచుకుని, ఎవరిదో పాత లెన్సుకి పట్టిన బూజు తుడుస్తున్నాను. మేముండేది పైన. కింది గదే నా కొట్టు. సన్నటి స్క్రూడ్రైవర్లు, స్పిరిటు సీసా, గాలి ఊదే రబ్బరు బుడ్డి, అరల నిండా నా చేతిలో ప్రాణం పోసుకోని కెమెరాలు. మధ్యాహ్నమే అయినా మబ్బుకి గది చీకటి గుయ్యారంలా ఉంది.

మెట్లు దిగి మా అబ్బాయి వచ్చాడు. చేతిలో కోడలి కెమెరా ఉంది. ఆమె పోయాక దాన్ని నేను చూడటం అదే మొదటిసారి.

"నాన్నా, ఇది కాస్త చూడు. కొనేవాడు సాయంత్రం వస్తానన్నాడు."

"అప్పుడే అమ్మేస్తున్నావా?"

"దాచుకుని ఏం చేసుకుంటాం? బీరువాలో పడి ఉంది. ఆన్ అవుతుంది గానీ ఏదీ పలకదు. రింగు తిప్పినా, డయల్ తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. బయట ఒకరిద్దరికి చూపిస్తే నీ దగ్గరికే పొమ్మన్నారు."

"ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని ఊరంతా తిరిగొచ్చావన్నమాట."

వాడు నవ్వలేదు. కెమెరా బల్ల మీద పెట్టి, చేతిని చొక్కాకి తుడుచుకుని పైకి వెళ్లిపోయాడు.

మా కోడలు కొత్త భవనాల ఫొటోలు తీసేది. కట్టేవాళ్లు ఆమె కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మావాడూ ఫొటోగ్రాఫరే, కానీ పని అంతా ఆమె పేరు మీదే వచ్చేది. వీడు వెనకాల స్టాండు మోసుకుని వెళ్లేవాడు. అందుకని తోటివాళ్లు వీడికి 'స్టాండు' అని పేరు పెట్టారు. ఎదుటే పిలిచేవాళ్లు. వీడూ వాళ్లతో పాటు నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం కంచం విసిరేవాడు.

ఆమెకి ఖాళీ దొరికితే నా పక్కన ఈ బల్ల దగ్గరే కూర్చునేది. ఆలోచనలో పడితే గోళ్లు కొరుక్కోవడం అలవాటు. చిగురుదాకా కొరికేసేది. "గోళ్లకి స్పిరిటు రాస్తానుండు" అని బెదిరిస్తే, "మీ స్పిరిటు నాకు ఎప్పుడో అలవాటైపోయింది మామయ్యా" అనేది. కూతురు లేని లోటు నాకు ఆ పిల్ల వచ్చాకే తెలిసింది.

ఇంకా గోడలు కూడా కట్టని ఒక భవనం పై అంతస్తు నుంచి పడి చనిపోయింది. కన్ను కెమెరాకి ఆనించి వెనక్కి నడుస్తూ అంచు చూసుకోలేదని మావాడు చెప్పాడు. తను కింద బండి దగ్గర ఉన్నానన్నాడు. అందరూ నమ్మారు. కాకి పిల్ల కాకికి ముద్దు, నేను అందరికంటే ముందు నమ్మాను.

కెమెరా చేతిలోకి తీసుకోగానే చల్లగా తగిలింది. దీపం కింద తిప్పి చూశాను. మనిషి బతకనంత ఎత్తు నుంచి పడిన కెమెరా అది. దాని మీద చిన్న గీత కూడా లేదు.

మెడలోంచి జారి పైనే ఉండిపోయిందేమోలే అనుకున్నాను. కన్నవాడి తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి మనసు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

పనిలో పడ్డాను. బ్యాటరీ తీసి, కాసేపాగి మళ్లీ పెట్టాను. తేడా లేదు. కార్డు తీసి మళ్లీ పెట్టాను. లెన్సు విప్పి, అది కెమెరాకి తగిలేచోట ఉండే ఇత్తడి మొనలు స్పిరిటుతో తుడిచి బిగించాను. లేదు. వేరే లెన్సు పెట్టాను. అదీ ఈ కెమెరా ఎక్కగానే మూగబోయింది. సెట్టింగులన్నీ మొదటికి తెద్దామంటే మెనూ తెరుచుకోదు. రింగు మాత్రం వేలికింద సాఫీగా తిరుగుతోంది, తిరిగినట్టు కెమెరాకి తెలియడం లేదు.

దీపం పక్కకి జరిపి తెర వైపు చూశాను. ఎదురుగా ఉన్న అరలన్నీ మసకగా ఉన్నాయి. లెన్సు ముందు అరచెయ్యి పెట్టి వెనక్కీ ముందుకీ జరిపాను. చేయి చాపితే అందేంత దూరంలో, అక్కడ మాత్రం, గీతలతో సహా స్పష్టంగా కనిపించింది. అటు జరిపితే మసక. ఇటు జరిపితే మసక.

భవనాలు తీసేవాళ్లు ఫోకస్ దూరంగా పెడతారు. మూర దూరంలో పెట్టుకుని ఏ భవనాన్ని తీస్తారు? అంత దగ్గరికి వచ్చేది మనిషే.

అప్పుడు విషయం బోధపడింది. ఈ రకం కెమెరాలో ఫొటో తీసే బటన్‌ని సగం నొక్కి పట్టుకుంటే ఫోకస్ అక్కడే నిలిచిపోతుంది. వేలు తీసేదాకా మిగతావేవీ పలకవు. ఇది చెడిపోలేదు. బటన్ సగంలో ఇరుక్కుంది, అంతే. ఇసుక రేణువు దూరి ఉంటుంది. ఈ మాత్రం దానికి ఇంత హడావిడా అని నన్ను నేనే తిట్టుకుని పైమూత స్క్రూలు విప్పాను.

బటన్ టోపీ ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద సన్నటి రాగిరేకు ఉంటుంది. వేలు నొక్కితే వంగుతుంది, వదిలితే లేస్తుంది. ఇసుక లేదు. తుప్పు లేదు. జిగురు లేదు. పైన బటనే లేదు...

రేకు వంగే ఉంది.

భూతద్దం కంటికి పెట్టుకుని చూశాను. సగం దాకా వంగి, సన్నగా అదురుతోంది. బరువు మోసే చెయ్యి చాలాసేపటికి అదిరినట్టు. వాన చప్పుడు ఆగిపోయిందో, నా చెవులే మూసుకుపోయాయో తెలియలేదు. గదిలో స్పిరిటు వాసన పోయి తడి సిమెంటు వాసన కొట్టింది.

వేలు చాపి రేకుని ముట్టుకోబోయాను.

రేకు తగల్లేదు. దానికి కాస్త పైనే నా వేలు ఆగిపోయింది. మెత్తగా... చల్లగా... ఇంకో వేలి మీద. కొంచెం ముందుకి జరిపాను. చిగురుదాకా కొరికిన గోరు.

వేలు వెనక్కి లాక్కోకుండానే అడిగాను.

"తల్లీ... నువ్వేనా?"

వేలు కదల్లేదు. వదల్లేదు కూడా.

ఏం చేస్తున్నానో తెలియకుండానే లెన్సుని నా వైపు తిప్పుకుని, మూర దూరంలో మొహం పెట్టాను. నా కోసమే అయితే నన్నే తీసుకోనీ అనుకున్నాను. నల్లటి గాజులో నా మొహం చిన్నగా కనిపించింది. రేకు ఉన్నచోటే ఉంది. నేను కాదు. ఊపిరి పీల్చుకున్నందుకు సిగ్గేసింది. ఆమె ఎదురుచూస్తున్నది ఎవరికోసమో ఇక అడగక్కర్లేదు. అయినా అడిగాను.

"వాడా?"

రేకు వెంట్రుకవాసి కిందికి దిగింది. మరొక్క వెంట్రుకవాసి దిగితే ఫొటో పడుతుంది. అక్కడ ఆగి, వణుకుతూ ఉండిపోయింది.

ఆ పూట నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల చావుకి ఏడుస్తూ, చంపినవాడికి నా చేత్తో అన్నం పెట్టాను. పైమూత బిగించాను.

సాయంత్రం ఇంకా పూర్తిగా పడకముందే వాడు దిగొచ్చాడు.

"అయిందా నాన్నా?"

"అయింది. కూర్చో. ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు నువ్వెక్కడున్నావు?"

"కింద. చెప్పాను కదా."

"కన్ను కెమెరాకి ఆనించే పడిందన్నావు. దీనికి గీత కూడా లేదు."

"నేనేం తోశానా?" అన్నాడు వెంటనే.

తోశావని నేను అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నోరు జారానని వాడికీ తెలిసింది. మొహం పాలిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ క్షణంలో కూడా నా కడుపు తీపి చావలేదు. నిజం చెప్పి తల దించుకుంటే, ఆ కెమెరాని సుత్తితో పొడి చేసైనా వాణ్ణి కాపాడుకుందామనే అనుకున్నాను. చిన్నప్పుడు ఈ బల్ల కిందే పడుకుని నిద్రపోయేవాడు.

"చెప్పరా," అన్నాను మెల్లగా. "నాకు చెప్పు. చాలు."

వాడు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"నీకు కొడుకుని నేనా, ఆవిడా? ఊరంతా నన్ను స్టాండు అంది. ఆ రోజు పైన కూలివాళ్ల ముందు ఆవిడా అంది... 'స్టాండు అక్కడ పెట్టి నువ్వు కిందికెళ్లు' అని. వాళ్లు నవ్వారు. వాళ్లు దిగిపోయేదాకా ఆగాను."

"తర్వాత?"

"పడిపోతూ నా చొక్కా పట్టుకుంది. ఒక చేతిలో అప్పుడు కూడా కెమెరానే. అది లాక్కుని, చొక్కా పట్టుకున్న చెయ్యి విడిపించుకున్నాను. అంతే." వాడి గొంతులో బాధ లేదు. ఒక పని అయిపోయినట్టుంది. "ఇప్పుడు ఎవరికి చెప్తావు? ముసలితనంలో మతి పోయిందంటారు."

కెమెరాని బల్ల మీద వాడి వైపు జరిపాను.

"ఎవరికీ చెప్పను. ముందు గాజు మీద దుమ్ముందేమో నువ్వే చూసుకో. కొనేవాడు మొదట చూసేది అదే."

ముట్టుకోకురా అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు గట్టిగా మూసుకున్నాను.

వాడు కెమెరా తీసుకున్నాడు. లెన్సుని తన వైపు తిప్పి, చేయి చాపి, దీపం వెలుతురులో గాజులోకి చూశాడు.

మూర దూరం.

టిక్... అని తెరుచుకుంది. మూసుకున్న చప్పుడు రాలేదు.

వాడి చొక్కా గుండె దగ్గర ముడుచుకుంది. గుప్పిట్లో పట్టుకున్నట్టు. వాడు నా వైపు చూశాడు.

"నాన్నా... నేల..."

కాళ్ల కింద నేల ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది. కానీ వాడి జుట్టు పైకి లేచింది. చొక్కా గాలికి టపటపా కొట్టుకుంది. చేతులు పట్టు కోసం వెతికాయి. నోరు తెరిచి అరుస్తున్నాడు, అరుపు మాత్రం ఎక్కడో పైనుంచి వచ్చినట్టు దూరంగా వినిపించింది. నిలుచున్నచోటు నుంచి వాడు అంగుళం కూడా కదల్లేదు. పడుతూనే ఉన్నాడు... పడుతూనే ఉన్నాడు...

తర్వాత ఆ చప్పుడు. అది చెప్పను.

షట్టరు మూసుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఏ అంతస్తు నుంచి పడ్డాడు?" అని అడిగాడు. నిలుచున్నచోటే పడ్డాడని చెప్పాను. ఆయన నా భుజం తట్టి ఇంకేమీ అడగలేదు. అప్పటికే వాడు పోయాడు.

కెమెరా బాగైపోయింది. రింగు తిప్పితే తిరిగింది, మెనూ తెరుచుకుంది. కార్డులో ఒకే ఫొటో ఉంది. వాడి మొహం, చాలా స్పష్టంగా. వెనకాల నా కొట్టు గోడ ఉండాలి. గోడ లేదు. ఆకాశం ఉంది. కోడలికి శాంతి దొరికినట్టైందని అనుకున్నాను. తప్పో ఒప్పో, ఆ మాటే అనుకున్నాను. కెమెరాని ఎవరికీ అమ్మలేదు, అరలో పెట్టాను.

ఈ వారం దుమ్ము దులుపుతూ తీసి ఆన్ చేశాను. ఏదీ పలకలేదు.

తెరలో గది అంతా మసకగా ఉంది. ఒక్క నా కుర్చీ మాత్రం, చేతుల మీద అరిగిన రంగుతో సహా, స్పష్టంగా ఉంది. ఫోకస్ మూర దూరంలో లేదు. అరకీ నేను కూర్చునే చోటుకీ ఎంత దూరమో అంత దూరంలో ఉంది. కుర్చీని గోడ పక్కకి జరిపి పడుకున్నాను. తెల్లారి చూస్తే గోడ పక్క స్పష్టంగా ఉంది. గుమ్మం దగ్గరికి జరిపాను. మర్నాడు గుమ్మం.

ఇందాక ధైర్యం చేసి బటన్ మీద వేలు పెట్టబోయాను. పెట్టడానికి చోటు లేదు. కానీ తగిలింది మెత్తటి వేలు కాదు. కొరికిన గోరు కాదు. మోటు వేలు, పెరిగిన గోరు.

"ఏరా..." అన్నాను. "నువ్వా?"

నా వేలి కింద ఆ వేలు వెంట్రుకవాసి కిందికి దిగింది.