పది తీగలు మెరిశాయి

మధ్యాహ్నం పన్నెండున్నరకి పెట్టె మాయమైంది. ఒంటిగంట పదికి ఎస్సై సంగీత వాయిద్యాల షాపు వెనక గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

గుమ్మం ముందు సిమెంటు అరుగు. అరుగు మీద చక్రాల ట్రాలీ. ట్రాలీ మీద ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడాన్నే అతను కాసేపు చూశాడు. అతనికి కుదురు తక్కువ. కుర్చీ వేస్తే కూర్చోడు, కూర్చుంటే మోకాలు ఆగదు. కేసు ఉంటే తిండి ఉండదు, కేసు లేకపోతే నిద్ర ఉండదు.

పోయింది పెట్టెలో సర్దిన పెడల్ స్టీల్ గిటార్. ఒళ్ళో పెట్టుకుని వాయించేది కాదు. నాలుగు కాళ్ళ మీద బల్లలా నిలబడుతుంది. ఎడమ చేత్తో నున్నటి ఇనుప కడ్డీని పది తీగల మీద జారిస్తూ, కుడి చేతి వేళ్ళకి గోళ్ళలాంటి పిక్స్ తొడుక్కుని మీటాలి. ఎడమ పాదం కింద మూడు పెడల్స్, మోకాళ్ళకి తగిలే లీవర్లు. కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద. ఒంట్లో ఏ భాగానికీ సెలవుండదు.

కొన్నది ఒక దర్జీ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ముందు గదిలో స్టూలు మీద కూర్చుని ఉంది. మూడు వేళ్ళకి పిక్స్ ఇంకా అలాగే ఉన్నాయి. తీయడం మరిచిందో, తీయబుద్ధి కాలేదో.

"ఎన్నాళ్ళుగా చూస్తున్నారమ్మా?"

"ఎనిమిది నెలలు. ఇది ఆరోసారి రావడం. మొదట రెండు మెడలది, రెండు వరసల తీగలున్నది చూశాను. నాతో పాటు ఇంకో ఇద్దరు మోయాలి. తర్వాతదానికి లీవరు నా మోకాలికి అందలేదు. ఇది నా కాళ్ళకి కొలిచి కుట్టినట్టుంది. ముప్ఫై ఏళ్ళు మిషన్ తొక్కాను బాబూ. పాదం ఎంత నొక్కాలో నాకు ఒకరు చెప్పక్కర్లేదు."

"పన్నెండున్నరకి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. శబ్దం పెంచే ఆంప్ చూస్తున్నా. ఓనరు గారేమో పెద్దది కొనమంటారు. పక్కింటాయనకి గుండె ఆపరేషన్ అయి నెల కాలేదు."

షాపు ఓనరు నవ్వలేదు.

"ఇంకా విచారణ ఎందుకు సార్? వెనక గదిలో ఉన్నది వీడొక్కడే. వీడి మీద పాత కేసు కూడా ఉంది."

"నిర్దోషని వదిలేశారు కదా?"

"నిప్పు లేందే పొగ వస్తుందా? సాయంత్రం ఆరులోపు పెట్టె దొరక్కపోతే వీడి సామాను రోడ్డు మీదుంటుంది."

'వీడు' అంటే మెకానిక్. షాపులో అందరూ స్పానర్ అంటారు. నలభై దాటిన మనిషి. అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాడు. ఒకసారి లాకప్ చూసినవాడి తొందర అది.

"పదకొండున్నరకి ట్యూనింగ్ అయింది సార్. పెడల్ రాడ్లు విప్పాను, కాళ్ళు విప్పాను. గిటార్‌ని పెట్టెలో బోర్లించి పెట్టి, కాళ్ళూ రాడ్లూ పక్క అరలో సర్దాను. క్లిప్పులు వేశాను. పదకొండు యాభైకి ట్రాలీ మీద అరుగు మీద పెట్టాను. అమ్మగారి ఆయన అక్కడే ఉన్నారు, ఆయనకి అప్పజెప్పాను."

"ఆ తర్వాత?"

"లోపల సోల్డరింగ్ చేసుకుంటున్నాను."

"ఎవరైనా చూశారా?"

"సోల్డరింగ్ చేసేవాణ్ణి ఎవరు చూస్తారు సార్."

"భయమేస్తోందా?"

"అలవాటైంది. పోయినసారి నిర్దోషినని కాగితం ఇచ్చారు. అది చూపిస్తే ఒక్కడూ ఇల్లు అద్దెకివ్వలేదు. ఈ వెనక గదే ఇల్లు."

ఎస్సై అంతా రాసుకున్నాడు. రాస్తూ అరుగు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. తొమ్మిది అడుగులు. మళ్ళీ నడిచాడు.

ఆవిడ భర్త రిటైర్డ్ రైల్వే గుమాస్తా. భార్య కుట్టిన చొక్కా, ఇస్త్రీ మడత చెదరలేదు.

"మీరు లోపలికి వెళ్ళలేదా?"

"ఆరుసార్లూ బయటే ఉన్నాను. ఆ గోల నాకు పడదు."

"పెట్టె ఎంతసేపు మీ ముందుంది?"

"అరగంట. పన్నెండు ఇరవైకి కారు తేవడానికి వీధి చివరికి వెళ్ళాను. ముప్ఫైకి వచ్చాను. ట్రాలీ ఖాళీ. పోలీసులకి ఫోన్ చేసింది నేనే. గదిలో ఆ మెకానిక్ ఒక్కడే. నేనెవరినీ అనడం లేదు."

"బయటికి వచ్చినప్పుడే అది ఖాళీ పెట్టేమో? అరగంట మీరు కాపలా కాసింది ఉత్త పెట్టెకేనేమో?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నేనంత వెర్రివాణ్ణి కాదు. మూత తీసి చూశాను. ఎండలో పది తీగలూ తళతళా మెరిశాయి. మళ్ళీ మూసి క్లిప్పులు వేశాను."

ఎస్సై పెన్సిల్ ఆగింది.

ఎందుకు ఆగిందో అతనికీ తెలియలేదు. మళ్ళీ తొమ్మిది అడుగులు. నిజం చెప్పేవాళ్ళు తడుముకుంటారు. నిన్న వేసుకున్న చొక్కా రంగడిగితే పెళ్ళాం వైపు చూస్తారు. ఈయనకి తళతళ కూడా గుర్తుంది. బొమ్మ మరీ అందంగా ఉంది. చూసినవాడి బొమ్మ కాదు, ఊహించినవాడి బొమ్మ.

నోట్‌బుక్ వెనక్కి తిప్పాడు. రెండు పేజీలు. ఒక మాట దగ్గర వేలు ఆగింది.

రెండు ఇరవైకి అందరినీ వెనక గదిలోకి పిలిచాడు. గది మధ్య అలాంటిదే ఇంకో పెట్టె.

"షాపులో ఉన్న రెండో గిటార్. ఇందాకే స్పానర్ చేత సర్దించాను. సార్, మీరే మూత తీయండి. తీశానన్నారు కదా, అలాగే."

ఆయన వంగాడు. క్లిప్పులు తీశాడు. మూత ఎత్తాడు.

చువ్వలు. స్ప్రింగులు. వరసగా మరలు. తీగ ఒక్కటి లేదు.

"ఇదేమిటి?" అన్నాడు ఆయన.

"గిటారే. పెట్టెలో ఎప్పుడూ బోర్లాపడి ఉంటుంది. తీగలు కిందికి, అడుగుభాగం పైకి. స్పానర్ బోర్లించి పెట్టానని నాతో చెప్పాడు. నేను రాసుకుని దాటిపోయాను. తీగలు కనబడాలంటే ఇరవై ఐదు కిలోల సరుకుని పైకెత్తి తిప్పాలి. తిప్పారా?"

ఆయన చెయ్యి మూత మీదే ఉండిపోయింది.

"వాయించేవాళ్ళెవరూ ఈ తప్పు చేయరు. సర్దేటప్పుడు ఒక్కసారి పక్కన నిలబడ్డవాళ్ళు కూడా చేయరు."

ఆవిడ లేచింది.

"మూత తీయలేదు కదూ మీరు. ఎక్కడ పెట్టారు?"

ఆయన నేల చూశాడు.

"రైల్వే స్టేషన్లో. క్లోక్ రూమ్‌లో. స్పానర్ లోపలికి వెళ్ళగానే కారు తెచ్చి ఎక్కించాను. పారేయలేదే. పారేద్దామనీ అనుకోలేదు. వారం పది రోజులు కనబడకపోతే నువ్వే మరిచిపోతావనుకున్నా."

"మరిచిపోయేదాన్నా?"

"ఎనిమిది నెలలుగా భోంచేస్తూ కూడా బల్ల కింద పాదం ఆడిస్తున్నావు. రెండుసార్లు పిలిస్తే గానీ పలకవు. అది ఇంట్లోకొస్తే నేనెక్కడ కూర్చోవాలి?"

"అందుకని ఇతన్ని జైలుకి పంపేవారా?"

"అతని పేరు నేనెత్తలేదు."

"ఎత్తక్కర్లేదని మీకు తెలుసు."

ఎస్సై నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పాడు.

"తప్పుడు ఫిర్యాదు. కేసు రాయొచ్చు," అన్నాడు. "నువ్వేమంటావు స్పానర్?"

స్పానర్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "కేసు వద్దు సార్. జరిగిందంతా ఆయన చేత రాయించి సంతకం పెట్టించండి. ఆయనలాంటివాళ్ళు రాస్తే జనం నమ్ముతారు."

ఆయన రాశాడు. గుమాస్తా చేతిరాత, గుండ్రంగా, తప్పుల్లేకుండా. ఓనరు చదివి, స్పానర్ ముఖం చూడలేక గోడ గడియారం చూశాడు.

మూడు నలభైకి పెట్టె తిరిగొచ్చింది. ఒక వైపు స్పానర్, ఒక వైపు ఆయన. ఆయన కారు వైపు అడుగేశాడు.

"అటు కాదు," అంది ఆవిడ. "లోపలికి."

తర్వాత ఓనరుతో అంది: "ఈ గదిలో ఓ మూల నాకివ్వండి. రోజూ పదికి వచ్చి వాయించుకుంటాను."

"ఇంట్లో బల్ల జరుపుతాను. చోటు చేస్తాను," అన్నాడు భర్త.

"వద్దులెండి. మీకు కూర్చోవడానికి చోటు కావాలి కదా."

స్పానర్ కాళ్ళు బిగించి, రాడ్లు తగిలించాడు. ఆవిడ కూర్చుంది. ఒక తీగ మీటి, కడ్డీ జార్చి, పెడల్ నొక్కింది. స్వరం ఉన్నచోట నిలవకుండా మెల్లగా వంగి, ఇంకో స్వరంలోకి వెళ్ళిపోయింది.

ఎస్సై జీపు తిప్పుకుంటూ వెనక్కి చూశాడు. షాపు వెనక గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నాడు. లోపలికి వెళ్ళలేదు. అరుగు మీదా కూర్చోలేదు.