మూడు నెలలుగా బల్లకు రాని కోడలు

1986 ఆగస్టు 3, ఆదివారం, ఉదయం ఏడు గంటలు. యానాం కనకాలపేటలో టీచరు రత్నకుమారి ఆ రోజు కూడా చర్చికి రానని అత్తగారికి చెప్పింది.

నెలలో మొదటి ఆదివారం వాళ్ళ చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. అందరూ తెల్లబట్టలతో వస్తారు. ఎవరి మీదైనా పగ ఉన్నవాళ్ళు సమాధానపడేదాకా రొట్టె, ద్రాక్షారసం ముట్టరు. జూన్, జులై నెలల్లోనూ రత్నకుమారి వెళ్ళలేదు. ఆమెకు ఎవరి మీద పగ అని సంఘంలో ఆడవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త యాకోబు కరెంటు ఆఫీసులో ఉద్యోగి. అతను ఆమెతో గొడవపడడం ఎవరూ చూడలేదు. మిగిలింది అత్త మరియమ్మ.

మరియమ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

“నా మీద కోపం ఇంకా ఎన్నాళ్ళే?”

“కోపమేంటండత్తయ్యా?”

“పోయిన నెల చర్చిలో బుల్లెమ్మ మొహం మీదే అడిగేసింది, ‘కోడల్ని ఏమన్నావు వదినా’ అని. ఏమన్నానే నేను? పులుసులో ఉప్పెక్కువైందన్నాను. ఎక్కువైంది గనకే అన్నాను.”

“మీరెళ్ళండత్తయ్యా, టైమవుతోంది.”

“వెళ్ళను. పాస్టరు అయ్యగారు నీ పేరు పెట్టి అడుగుతారు. ఏం చెప్పమంటావు? తప్పు నాదైతే చెప్పు, ఇక్కడే క్షమించమంటాను. ఒరే యాకోబూ, నువ్వూ విను!”

యాకోబు సగం గీసిన గడ్డంతో, నురుగుతో వచ్చాడు. “పొద్దున్నే ఏంటమ్మా?”

రత్నకుమారి గరిటె కింద పెట్టింది. “మార్చి నుంచి నాకు రక్తం సరిగా ఆగట్లేదు. జూన్ నుంచి మరీ ఎక్కువైంది. తెల్లచీరతో రెండు గంటలు కూర్చోలేను. అంతే.”

“నెలసరి అటూ ఇటూ అవుతోందనే కదా నాతో చెప్పావు?” అన్నాడు యాకోబు.

“మా అమ్మకీ ఇలాగే మొదలైంది. క్యాన్సరన్నారు. ఏడాది బతకలేదు. ఆ మాట డాక్టరు నోట వినాలంటే భయమేసింది.”

మరియమ్మ బైబిలు గూట్లో పెట్టింది. “ఈ ఇంట్లో గుడ్డలన్నీ ఉతికేది నేను. నాకు తెలియకుండా ఎలా దాచావే?”

“మీరు లేవకముందే ఉతికేసుకున్నానండి.”

“పిచ్చిమొహమా,” అని మరియమ్మ కోడల్ని దగ్గరికి లాక్కుంది.

ఆ ఆదివారం ఆ ఇంటి నుంచి చర్చికి ఎవరూ వెళ్ళలేదు.

సోమవారం కాకినాడ ఆస్పత్రిలో చూపించారు. బుధవారం మత్తు ఇచ్చి, గర్భసంచిలోంచి చిక్కుడుగింజంత ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు 14న వచ్చింది. ముగ్గురూ వెళ్ళారు.

“క్యాన్సర్ కాదు,” అంది డాక్టరమ్మ. “పాలిప్ అంటారు. గర్భసంచి లోపలి పొర ఒకచోట అదుపు తప్పి పెరిగింది.”

“నేను దీని మనసు కష్టపెట్టానండి. అందువల్లేనా?” అంది మరియమ్మ.

డాక్టరమ్మ నవ్వింది. “అత్తల వల్ల వచ్చేదైతే ఈ ఆస్పత్రి చాలదమ్మా. జబ్బులు రాకుండా ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి. అవి ఈ ముక్కలో మామూలుకన్నా ఎక్కువ చేరాయి. వాటివల్ల వాపొచ్చి ఇది పెరిగిందో, ఇది పెరిగాక అవి వచ్చాయో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు.”

“దొంగ లేకుండానే కాపలావాళ్ళు కేకలేశారా?” అంది మరియమ్మ.

“అయ్యుండొచ్చు. లోపల క్రిములేమైనా ఉన్నాయేమోనని పది రోజులకు మందు రాస్తున్నాను. పాలిప్ మళ్ళీ రావచ్చు. రక్తం కనబడితే దాచకుండా రావాలి.”

మరియమ్మ కోడలి వైపు తిరిగింది. “నేనూ అంతేనే. లేని దొంగ మీద మూడు నెలలు కేకలేశాను.”

“మీరెప్పుడూ కేకలేయలేదండత్తయ్యా.”

“మనసులో వేశాను.”

సాయంత్రం నాలుగున్నర బస్సు ఎక్కారు. సీట్లో కూర్చోగానే మరియమ్మ కోడలి చెయ్యి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. కండక్టరు ఆగాడు.

“ఏవండీ పెద్దమ్మగారూ, ఎవరైనా పోయారాండీ?”

“ఎవరూ పోలేదు నాయనా. మా కోడలు బాగానే ఉంది. మూడు యానాం ఇవ్వు.”

“ఆయ్,” అని కండక్టరు మూడు టిక్కెట్లు చింపాడు. తాళ్ళరేవు దాటేదాకా మరియమ్మ ఏడుస్తూనే ఉంది.