రేకుల కింద మే నెల

"ఎవరు తగ్గించిన్రు దీన్ని?"

మహిత అరుపుకు, హాల్లో బెలూన్లు కడుతున్నవాళ్లు నిచ్చెన మీదే ఆగిపోయారు.

ఆమె వేలు గోడ మీది మీటరు వైపు ఉంది. నిన్న సాయంత్రం ఆమె నలభై నాలుగు డిగ్రీలు పెట్టి వెళ్లిన గది ఇప్పుడు ముప్పై మూడు చూపిస్తోంది. ఇంకో గంటలో ప్రారంభోత్సవం.

"నేనే," అన్నాడు సుదర్శన్. చేతిలో స్క్రూడ్రైవరు, మొహాన పొద్దుటి చెమట. "పొద్దున ఒక పని పడ్డది. మళ్లీ పెంచుత. జెర ఆగు."

"పనా? ఏం పని? సెక్రటరీ సార్ చెప్పిండనేగా?"

అతను ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే ఆమెకు మండింది.

హనుమకొండలో వాతావరణ మార్పు మీద పెడుతున్న ఆ ప్రదర్శనలో మిగతావన్నీ పోస్టర్లే. మహిత కట్టించిన గది ఒక్కటే వేరు. అందులో చదవడానికి ఏమీ లేదు. లోపలికి వెళ్లి కూర్చోవాలి. తలకు కాస్త పైన రేకులు, వాటి వెనక హీటర్లు, ఎదురుగా చిన్న మగ్గం. తాడు లాగితే తెర మీద జంపఖానా నేత పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం, నేతగాళ్లుండే కొత్తవాడలో తన తండ్రి పండరి ఏ షెడ్డులో నేస్తాడో, ఆ షెడ్డే. హైదరాబాదులో డిజైన్ చదివి వచ్చిన పిల్ల, తన ఇంటి ఎండను తెచ్చి నగరం మధ్యలో పెట్టింది.

సుదర్శన్‌ది తొర్రూరు దగ్గర పత్తి పండించే ఇల్లు. హీటర్లూ సెన్సార్లూ పెట్టే కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు. మొదటి రోజే ఇద్దరికీ చెడింది. చూడ్డానికి వచ్చేవాళ్లకు ఉక్కపోస్తుందని అతను ఒక టేబుల్ ఫ్యాన్ తెచ్చి మగ్గం ముందు పెట్టాడు.

"మగ్గం ముందర ఫ్యాన్ ఎవడన్నా పెడ్తడా? గాలికి నూలు ఎండి పోగు తెగుతది. మా బాపు ఎండలంతా ఫ్యాన్ లేకుంటనే నేస్తడు."

"ఫ్యాన్ లేకుంటనా? మనిషా, రోబోనా?"

"నేతగాడు!"

అతను చాలాసేపు ఫ్యాన్ వైపూ మగ్గం వైపూ చూశాడు. "అయితే దీన్ని తీయొద్దు," అన్నాడు చివరికి. "స్విచ్చి కూసున్నోళ్ల చేతికి ఇద్దాం. ఫ్యాన్ ఏస్తే పోగు తెగాలె, నేత ఆగాలె. బంద్ చేస్తే ఉడికిపోవాలె. ఏది కావాల్నో వాళ్లే తేల్చుకుంటరు."

ఆ గదికి ప్రాణం ఆ మాటతోనే వచ్చింది. మహిత పైకి "ఊఁ, చూద్దాం" అంది గానీ, ఆ రాత్రి ఇంట్లో నాయనమ్మ రాజవ్వకు అతని పేరు చాలాసార్లు చెప్పింది.

అలాంటి మనిషి ఇప్పుడిలా చేశాడు.

"నిన్న సెక్రటరీ సార్ ఏమన్నడో గుర్తుందా? ముఖ్య అతిథికి చెమటలు పడ్తయట, మేకప్ కరుగుతదట! మా వాళ్లకు ఒళ్లు కరిగితే ఫికర్ లేదు. నువ్వు నా దిక్కున్నవనుకున్న సుదర్శన్."

"నీ దిక్కే ఉన్న."

"మరి చెప్పు, ఎందుకు తగ్గించినవ్?"

"చెప్పరాదు."

"చెప్పరాదట!" ఆమె ఫోల్డరును బల్ల మీద విసిరింది. "మంచిగుంది."

అంతలో ప్రదర్శన కమిటీ సెక్రటరీ రాజేశ్వర్ రావు వచ్చాడు, వెనక ప్లాస్టిక్ నీళ్ల సీసాల కేసులు మోసేవాళ్లతో. గదిలోకి తల పెట్టి చూసి సంతోషంగా నవ్వాడు.

"వెరీ గుడ్! చల్లగా చేశారు. సుదర్శన్, నేను రెండోసారి చెప్పకముందే అర్థం చేసుకున్నావయ్యా."

మహిత సుదర్శన్ వైపు చూసిన చూపుకు హీటర్లు అవసరం లేకపోయింది.

"అమ్మాయ్, ఇంకొక్కటి," అన్నాడు రాజేశ్వర్ రావు. "ఆ మగ్గం, రేకులు మరీ నెగెటివ్‌గా ఉన్నాయి. పాజిటివ్‌గా ఉండాలి. మగ్గం పక్కకు జరిపి, గోడకు ఆకుల డిజైన్ కొట్టిద్దాం. సెల్ఫీ పాయింట్! పిల్లలు ఎంజాయ్ చేస్తారు."

"పిల్లలా సార్?" మహిత గేటు వైపు చెయ్యి చూపింది. "ఆ పిల్లలు ఎక్కడున్నరో చూసిన్రా? అతిథికి స్వాగతమని పొద్దటి నుంచి గేటు కాడ ఎండల లైన్ల నిలబడ్డరు. వాళ్ల నెత్తి మీద 'భూమిని చల్లగా ఉంచుదాం' అని ఫ్లెక్సీ ఉన్నది. నీడ మాత్రం లేదు. ముందుగాల వాళ్లను లోపటికి పిలవండి, తర్వాత నా మగ్గం సంగతి చూద్దాం."

"ప్రోటోకాల్ ఉంటుందమ్మా..."

"వడదెబ్బకు ప్రోటోకాల్ తెల్వది సార్."

సుదర్శన్ గోడ దగ్గరికి వెళ్లి బటన్ నొక్కాడు. రేకుల వెనక హీటర్లు చిటపటమన్నాయి. మీటరులో అంకె కదిలింది.

"ఏం చేస్తున్నావ్?"

"తగ్గించింది నేనే సార్, పెంచుతాంది నేనే. నలభై నాలుగు దాకా పోతది. మగ్గం జరగది."

"మీ కంపెనీకి ఫోన్ చేయాల్సి వస్తుంది."

"చెయ్యండి సార్. నంబర్ కావాల్నా?"

రాజేశ్వర్ రావు ఫోన్ తీసి విసవిసా బయటికి నడిచాడు. మహితకు ఏమీ అర్థం కాలేదు.

"నీకేమన్నా పిచ్చా? నౌకరీ పోతది. పెంచేదే ఉంటే తగ్గించుడెందుకు?"

"నా వల్లనే," అంది గది పక్కన కట్టిన గుడ్డ తెర వెనక నుంచి ఒక గొంతు.

కుర్చీలో రాజవ్వ. ఒళ్లో తడి తువ్వాలు, చేతిలో మజ్జిగ గ్లాసు.

"నాయనమ్మా! నువ్వెట్ల వచ్చినవ్? ఎండకు బయటకెళ్లొద్దని మొన్న దవాఖానల ఏం చెప్పిన్రు?"

"అందుకే పొద్దుగాల్నే ఆటో ఎక్కొచ్చిన. ఇంట్ల దినాం ఈ రూము ముచ్చటేనాయె. నువ్వు రాకముందే చూసి పోదామనుకున్న. మగ్గం చూస్తే చెయ్యి ఊకుంటదా? కూసున్న. కండ్లు తిరిగినయ్."

మహిత ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"గీ పిలగాడు ఉర్కొచ్చి అన్నీ బంద్ చేసిండు. నేనేమో మగ్గం ఇడువనంటి. ఫ్యాన్ ఏస్తనన్నడు, మళ్ల తనే వద్దన్నడు, పోగు తెగుతదని. అట్టముక్క పట్టుకొని నా ఎనక కూసున్నడు. ముందట్నుంచి కాదే, ఎనకనుంచి ఊపిండు, పోగు కదలకుంట. మీ తాత సుత గట్ల ఊపలే నాకు." ఆమె మజ్జిగ ఒక గుక్క తాగింది. "నీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్న. నువ్వు కొట్లాడ్తవని. చెప్పకున్నా కొట్లాడ్తివి."

మహిత సుదర్శన్ వైపు తిరిగేసరికి అతను వైర్లు సర్దుతూ తల వంచుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం వల్ల కనీసం ఒక మేలు జరిగింది: గది మళ్లీ నలభై నాలుగుకు చేరింది. ఈలోగా మహిత గేటు తీసి పిల్లల్ని లోపలికి తెచ్చేసింది. ఎవరూ ఆపలేదు. ఆమె మొహం చూశాక ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పెద్ద అధికారి అయిన ఆ మేడం నవ్వుతూ మగ్గం ముందు కూర్చుంది. తాడు లాగింది. తెర మీద నేత పెరిగింది. నుదుట చెమట పట్టింది. ఫ్యాన్ స్విచ్చి వేసింది. టప్పున పోగు తెగి నేత ఆగింది. స్విచ్చి ఆపి, అతికించి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ చెయ్యి స్విచ్చి మీదికే పోయింది, మళ్లీ పోగు తెగింది. నవ్వు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు.

బయటికొచ్చి మొహం తుడుచుకుంటూ అడిగింది: "ఇందులో రోజంతా ఎలా పనిచేస్తారమ్మా?"

"చెయ్యలేకపోతాండ్రు మేడం," అంది మహిత. "ఎండ ఏటేటా పెరుగుతాంది. రేకులు గవే ఉన్నయ్. పైకప్పు మార్చుమని తిరిగి తిరిగి అలిసిపోయిన్రు. సెల్ఫీ కాదు మేడం, కప్పు కావాలె."

రాజేశ్వర్ రావు గోడ మీది పోస్టరును శ్రద్ధగా చదువుతున్నాడు.

మేడం తడిసిన రుమాలు మడిచి పెట్టుకుంది. తర్వాత, సోమవారం కొత్తవాడ షెడ్లలో మధ్యాహ్నం పూట తనే వచ్చి కూర్చుంటానంది. మాటే కావచ్చు. కానీ ఇన్నేళ్లలో ఎవరూ ఇవ్వని మాట.

సాయంత్రం బండ్ల స్టాండులో సుదర్శన్ హెల్మెట్ పెట్టుకుంటుంటే మహిత పరిగెత్తుకొచ్చింది.

"కంపెనీవాళ్లు ఏమన్నరు?"

"రేపటి నుంచి వేరే సైటు. హసన్‌పర్తి. నౌకరీ అయితే పోలే."

"సారీ సుదర్శన్. అన్ని మాటలన్న."

"అన్నవ్. మంచిగనే అన్నవ్. కొన్ని రాసిపెట్టుకోవాల్సినయ్."

ఆమెకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "నాయనమ్మ నిన్ను ఇంటికి తోల్కరమ్మన్నది. బాపు కూడ చూస్తడట."

"ఏమని చూస్తడు?"

"ఎనకనుంచి గాలి ఊపే పిలగాడు ఎట్లుంటడో అని."

అతను హెల్మెట్ తీసేశాడు. కాస్త తటపటాయించి అడిగాడు: "కోపం తగ్గిందా?"

"తగ్గలే. ఆ షెడ్ల మీద కప్పు మారేదాక తగ్గది. నీ మీద మాత్రం లేదు."

"నాకూ తగ్గలే," అన్నాడు సుదర్శన్. "మా అమ్మ ఇయ్యాల సుత చేన్లనే ఉన్నది, గిదే ఎండల. మహితా, ఒక్కదానివే ఎన్నిరోజులని కోపానికొస్తవ్? ఇద్దరం కలిసి కోపానికొద్దాం. ఇయ్యాలొక్కదినం కాదు. ఎప్పటికీ."

మహిత అతని చేతిలోని హెల్మెట్ తీసుకుని మళ్లీ అతని తల మీదే పెట్టింది. తర్వాత అతని బండి వెనక ఎక్కి కూర్చుంది.

"కొత్తవాడకు పోనియ్," అంది. "గీ మాట బాపు ముందట అను. ఆడ నేను 'సరే' అంట."