గోడ అవతలి కడుపునొప్పి

నేనెప్పుడూ ఏమీ రాసినదాన్ని కాదు. అమెరికాలోని ఒహాయోలో, కరెంటూ కార్లూ వాడని మా ఆమిష్ పల్లె ఒంటిగది బడిలో నేర్చిన చదువే నాది. మా ఊరి సలోమా చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

సలోమాకు ఏళ్ల తరబడి కడుపునొప్పి. ఏ మందుకూ లొంగలేదు. ఆమె అత్త డ్రసిల్లాకు మాత్రం అది వేళాకోళం. "పని కనబడితే చాలు, మా కోడలికి కడుపు మెలిపెడుతుంది" అనేది నలుగురిలో. పోయిన చలికాలం ఆ ముసలిది పోయింది. సలోమా కంట తడి పెట్టలేదు. ఆ మనిషికి కన్నీళ్లు కూడా దండగ.

ఇంట్లో కరెంటు తీగ పెట్టనివ్వని సంఘపెద్ద, వెన్నులో పెట్టుకోవడానికి మాత్రం సరేనన్నాడు! ఆస్పత్రివాళ్లు వెన్నుపూస పక్కన సన్నటి తీగలు దూర్చి, నడుముకు చిన్న డబ్బా అంటించారు. చేతిలో ఇమిడే మీట ఒకటి ఇచ్చారు. నొక్కితే నరాలు జివ్వుమంటాయి, నొప్పి తెలియదు. ఆ జోరు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వారం చూసి, పనిచేస్తే ఒంట్లోనే శాశ్వతంగా పెడతారు. లేదంటే పీకేస్తారు. ఇక వేరే దారి లేదు.

అది ఆ వారంలో ఆఖరి సాయంత్రం. మొగుడు ఏడెన్ లాంతరు పట్టుకుని పాలు పితకడానికి బయల్దేరాడు.

"ఏమే, ఇంకా మూలుగుతూనే ఉన్నావా? అమ్మ ఊరికే అనలేదు."

"పోవయ్యా. నీ మాటలు వినడానికి ఆవులున్నాయి."

ఇల్లంతా చీకటి. కాలుతున్న కట్టె వాసన, ఉడికిన క్యాబేజీ వాసన. నొప్పి మెలిపెట్టింది. సలోమా మీట నొక్కింది. జివ్వుమంది. నొప్పి జారిపోయింది...

గోడ అవతల ఎవరో మూలిగారు.

అవతల ఉన్నది అత్త గది. తాళం వేసి ఉంది.

ఇంకాస్త పెంచింది.

"అమ్మా... కడుపు..."

అత్త గొంతే.

సలోమా గబగబా తగ్గించింది. మూలుగు ఆగింది. నొప్పి తిరిగొచ్చి ఆమె కడుపులోనే కూర్చుంది.

కాసేపు ఆలోచించింది. మీట చివరిదాకా పెంచేసింది.

"కోడలా... తగ్గించవే..."

గోడ మీద గోళ్ల చప్పుడు. గీసుకుంటూ... కిందకి... తలుపు వైపు...

సలోమా గోడకు నోరు ఆనించింది. "నటించకత్తా," అంది గుసగుసగా. "లేచి పిండి కలుపు. అదే పోతుంది."

చప్పుడు ఆగిపోయింది.

ఆ రాత్రి ఆమె కన్ను మూయలేదు. మీటా తగ్గించలేదు.

తెల్లవారగానే తాళం తీసి చూసింది. గది ఖాళీ. తిరిగి తలుపు మూస్తుంటే కనబడ్డాయి, చెక్క మీద తాజా గోళ్ల గీతలు. మోకాళ్ల ఎత్తులో. తలుపుకు ఇవతలి వైపు, సలోమా నిలబడ్డ వైపు.

బయట ఆస్పత్రి కారు హారన్ మోగింది. సలోమా గీతల్ని ఒకసారి తడిమి, వెళ్లి కారెక్కింది.

"పనిచేసిందండీ," అంది ఆస్పత్రిలో డాక్టరుతో. "లోపలే పెట్టేయండి."