సుకుమారి మొక్కుబడి

"ఓ మేడం! చెప్పు! మీ చెప్పు!"

ఆత్మకూరు బస్టాండులో కండక్టర్ సైమన్ ఆడవాళ్ళ చెప్పొకటి పైకెత్తి పట్టుకుని అరుస్తుంటే జనమంతా ఆగి చూశారు. ఆ చెప్పు గల అమ్మాయి మాత్రం ఆగలేదు. కొయ్య గరిటెల సంచి భుజాన వేసుకుని, మే నెల మిట్టమధ్యాహ్నం, కుతకుతలాడుతున్న తారురోడ్డు మీద ఒంటి చెప్పుతో నిమ్మళంగా నడిచిపోతోంది.

సైమన్‌కు ఒళ్ళు మండింది. సంచికి లగేజీ టికెట్ కొట్టాలన్నందుకు ఉదయగిరి నుంచి ఇక్కడిదాకా ఆ పిల్ల అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు చెప్పు వదిలిపెట్టి మరీ అవమానిస్తోంది! పరిగెత్తి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏంది మేడం ఇది? మొహాన కొట్టలేక సీటు కింద పెట్టిపోతున్నావా?"

ఆ అమ్మాయి అతని చేతిలోని చెప్పు చూసింది. తర్వాత తన కాళ్ళ వంక చూసుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎప్పుడు ఊడింది?" అంది.

"నన్నడుగుతావేంది? నీ కాలు నీకు తెలీదా?"

ఆమె పక్కనున్న కొట్టు మెట్టు మీద కూర్చుని పాదం తిప్పి చూసుకుంది. అరికాలంతా బొబ్బలు. సైమన్ వంగి చూశాడు. ఆ రోడ్డు మీద ఒట్టికాలితో రెండు అంగలు వేయడం కూడా తన వల్ల కాదు. ఈ పిల్ల అంత దూరం నడిచొచ్చింది, ఒక్క 'అబ్బా' లేదు.

"నొప్పి లేదా?"

"లేదు," అంది మెల్లగా. "ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు కండక్టర్ గారూ."

సైమన్ కుండలో నీళ్ళు తెచ్చి ఆ కాలి మీద పోశాడు. కోపం ఎటుపోయిందో అతనికే తెలియదు. ఆమె పేరు సుకుమారి అనీ, వాళ్ళ నాయన ఉదయగిరిలో నర్ది అనే అడవి చెట్టు కర్రతో గరిటెలు చెక్కుతాడనీ, ప్రతి సోమవారం వాటిని ఆత్మకూరు అంగట్లో వేసి వెళుతుందనీ ఆ రోజే తెలుసుకున్నాడు.

ఆ తర్వాత సోమవారం వస్తే చాలు, సైమన్ రెండుసార్లు తల దువ్వుకుంటున్నాడని డ్రైవర్ కామయ్య డిపో అంతా టాంటాం వేశాడు.

"మెట్టు చూసుకో, కాలు సరిగ్గా పడిందా లేదా," అనేవాడు సైమన్ ఆమె బస్సెక్కుతుంటే.

"మీరు టికెట్లు చూసుకోండి సార్. కాళ్ళు కాదు," అనేది సుకుమారి. బస్సంతా నవ్వేది.

జూన్‌లో ఒక రోజు ఎక్కడినుంచో వాన ఊడిపడింది. కిటికీ రేకు దిగలేదు. సుకుమారి తడుస్తోంది. సైమన్ వచ్చి ఆ రేకుతో కుస్తీ పట్టి, అది దిగక, చివరికి తన వీపునే అడ్డం పెట్టి నిలబడ్డాడు. చొక్కా తడిసి ముద్దయింది.

"జలదంకిలో మా అమ్మకు నీ సంగతి చెప్పినాను," అన్నాడు నీళ్ళు కారుతున్న మొహంతో.

"ఏమని?"

"గరిటెల పిల్ల, నోరు పెద్దది, అయినా చేసుకుంటాను అని."

సుకుమారి పకపకా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కిటికీ బయటికి చూస్తూ అంది: "ఆదివారం ఆరాధన అయినాక మా ఇంటికి రా. అంతా చూసి, అప్పుడు మాట్లాడు."

ఆదివారం సైమన్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉదయగిరి కోట కొండ కింద ఉన్న ఆ ఇంటికి వెళ్ళాడు. వాకిట్లో గరిటె చెక్కుతున్న ఆమె నాయన మాలకొండయ్య అతన్ని చూసి లేచి ఎదురొచ్చాడు. అలా నడిచే మనిషిని సైమన్ ఎన్నడూ చూడలేదు. మోకాళ్ళు బాగా పైకెత్తి, మడుగులో నడుస్తున్నట్టు, పాదాన్ని టపటపా నేలకు కొడుతూ వచ్చాడు. పిక్కల్లో కండ లేదు. పంచపాళీలో మంచం మీద అవ్వ లిదియమ్మ. ఆమె పాదాలు నడుమ విల్లులా పైకి లేచి, వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

"చూసినావుగా," అంది సుకుమారి. "అవ్వకు, ఆ తర్వాత నాయనకు. ఏడాదిన్నరగా నాకూ కాళ్ళు మొద్దుబారినాయి. నేను పెళ్ళి చేసుకోను సైమన్. నా కడుపున పుట్టే బిడ్డకు ఈ కాళ్ళు ఇవ్వను."

సైమన్ ఆమె కాళ్ళ వంక చూశాడు. బస్సులో ప్రతి సోమవారం తనను ఆటపట్టించే పిల్ల ఇంత బరువు మోస్తోందా?

"అన్నీ నువ్వే తేల్చేసినావు. డాక్టర్ ఏమన్నాడు?"

"ఏ డాక్టరైనా బలానికి మాత్రలు రాస్తాడు."

"నరాల డాక్టర్ గోవిందయ్య గారని ఉన్నాడు. నెల్లూరు నుంచి ప్రతి గురువారం ఆత్మకూరుకు వస్తాడు. ఆయనేం చెప్పినా సరే, నా మాట మారదు. రాసిచ్చేదా?"

రాసివ్వక్కర్లేదంది సుకుమారి. అయినా కళ్ళు తుడుచుకుంది.

డాక్టర్ గోవిందయ్య తండ్రినీ కూతుర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టి చూశాడు. చిన్న సుత్తితో మోకాళ్ళ మీద తట్టాడు. జుయ్యిమని మోగే ఉక్కు కడ్డీ బొటనవేలికి ఆనించి, "అదురు తెలుస్తోందా?" అని అడిగాడు. ఇద్దరూ తెలియదనే చెప్పారు. షుగరుందేమో చూశాడు, లేదు. రక్తం తీసి, నరాల్లో కరెంటు ఎంత వేగంగా నడుస్తోందో చూసే పరీక్షకు ఇద్దర్నీ నెల్లూరు పంపాడు.

రెండు వారాల తర్వాత గురువారం పొద్దున కాగితాలన్నీ ముందేసుకుని, నాయన, సైమన్ పక్కనుండగా, డాక్టర్ సుకుమారిని వింత ప్రశ్న అడిగాడు.

"ఏం తింటావమ్మా నువ్వు?"

"అన్నం, పచ్చడి, చారు."

"పాలు, పెరుగు, గుడ్డు, మాంసం?"

సుకుమారి తల దించుకుంది.

"ఎన్నాళ్ళయింది మానేసి?"

"ఐదేళ్ళు సార్."

"క్రిస్మస్‌కు కూడానా?" అనేశాడు సైమన్ ఆగలేక.

ఇక చెప్పక తప్పలేదు. పదిహేడేళ్ళప్పుడు మొక్కుబడి చేసుకుందట. నాయన అందరిలా నడిచేదాకా అవేవీ ముట్టనని. మొక్కుకున్నది దేవుడికి, మనుషులకు చెప్పేదెందుకని ఊరుకుందట.

డాక్టర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీది మీ నాయన జబ్బు కాదమ్మా," అన్నాడు చివరికి.

"ఏంది సార్?"

"కరెంటు తీగకు పైన తొడుగు ఉంటుంది చూడు. మీ నాయన నరాలకు ఆ తొడుగే పుట్టుకతో సరిగ్గా రాలేదు. అది వంశంలో దిగుతుంది. ఒక్కో బిడ్డకు సగం సగం అవకాశం. నీకు దిగలేదు, పరీక్షలో తేలింది. నీ రక్తంలో బి-ట్వెల్వ్ అనే విటమిన్ లేదు. అది కూరగాయల్లో దొరకదు, నువ్వు మానేసిన వాటిల్లోనే ఉంటుంది. అది లేక నరాలు ఎండిపోతున్నాయి."

సుకుమారి నాయన వంక చూసింది. నాయన కాళ్ళ కోసం మొక్కుకుని తన కాళ్ళు పోగొట్టుకుంది!

"ఇంజెక్షన్లు వేస్తే బాగవుతావు. ఇప్పుడే మొదలుపెడదాం. ఇంకో రెండు నెలలు ఆలస్యం చేస్తే మాత్రం పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాటివ్వలేను."

సైమన్ ఎగిరి గంతేయబోయాడు. సుకుమారి అడ్డం వచ్చింది. "నాయనకో సార్?"

"దానికి మందు లేదమ్మా. లోపం ఏ జన్యువులో ఉందో ఈ మధ్యనే కనిపెట్టారు. మందెప్పుడొస్తుందో చెప్పలేం. కాలు జారిపోకుండా పట్టీలు కట్టిస్తాను, కసరత్తు నేర్పిస్తాను. నడక సులువవుతుంది."

"అందరిలా నడుస్తాడా?"

"లేదు."

"అయితే నా మొక్కుబడి తీరేది కాదు," అంది సుకుమారి లేచి నిలబడి. "నాకు సూది వద్దు సార్. నోటితో మానేసింది సూదితో ఎక్కించుకుంటే దేవుణ్ణి మోసం చేసినట్టే."

డాక్టర్ నచ్చజెప్పాడు. సైమన్ బతిమాలాడు, అరిచాడు. ఆమె వినలేదు. ముగ్గురూ ఉదయగిరి బస్సెక్కారు. ఆ బస్సులో ఎవరూ నవ్వలేదు.

ఇంటికి చేరేసరికి మూడు దాటింది. సైమన్ చెప్పిందంతా విని, లిదియమ్మ అవ్వ మంచం మీద లేచి కూర్చుంది.

"ఇంతేనా? దీనికి బైబిలు వాక్యంలో దోవ ఉండాది. తండ్రి ఇంట్లో ఉండే పిల్ల మొక్కుకుంటే, విన్న రోజే తండ్రి వద్దంటే అది చెల్లదు. దేవుడు పిల్లను క్షమిస్తాడు. ఒరే మాలకొండా, పొద్దు గూకక ముందే వద్దనురా!"

సైమన్‌కు ప్రాణం లేచొచ్చింది. సుకుమారి కూడా ఆశగా నాయన వైపు తిరిగింది. మాలకొండయ్య మాత్రం తలెత్తలేదు.

"నేను ఈ రోజు వినలేదమ్మా," అన్నాడు.

"ఏందిరా?"

"ఐదేళ్ళ కిందటే విన్నాను. తలుపవతల నిలబడి. ఈ పిల్ల మోకాళ్ళ మీద ఏడస్తా మొక్కుకుంటా ఉండింది. విని ఊరకుండిపోయినాను."

సుకుమారి నాయన ముందుకొచ్చింది. "ఐదు క్రిస్మస్‌లు కోడికూర వండి నీకు వడ్డించినాను నాయనా. తెలిసే తిన్నావా?"

"తిన్నాను. ముద్ద దిగలా, అయినా తిన్నాను. నా కోసం ఒకరు దేవుడి దగ్గర పట్టుబట్టినారంటే... నేను బాగవుతానేమోనని ఆశ పడినాను బిడ్డా. నీ కాళ్ళు పోతాయని నాకేం తెలుసు?" అని ఆ పెద్దమనిషి సన్నబడిన వేళ్ళతో మొహం కప్పుకుని బావురుమన్నాడు.

సుకుమారికి కోపం వచ్చింది, జాలి వేసింది, రెండూ ఒకేసారి. కాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. తర్వాత వచ్చి నాయన పక్కన కూర్చుని ఆ చేతులు పట్టుకుంది.

"ఏడుపులు ఆపండి," అంది అవ్వ. "నేనింకా ముగించలా. ఆ వాక్యం కిందనే ఇంకొకటి ఉండాది. మొక్కుకున్నాక పిల్లకు పెళ్ళయితే, మొగుడు విన్న రోజే వద్దంటే అప్పుడూ ఆ మొక్కు చెల్లదు."

అందరూ సైమన్ వైపు తిరిగారు.

"నేను పొద్దున్నే విన్నాను కదవ్వా! వద్దని చెప్పినాను కూడా!"

"అప్పుడు నువ్వు ఈ పిల్లకు ఏమైతావు?"

"కండక్టర్‌ను."

"కండక్టర్ విన్నది లెక్క కాదు అబ్బయా."

ఏడుస్తున్న సుకుమారికి నవ్వొచ్చింది. అంతలోనే సర్దుకుని సైమన్‌ను సూటిగా అడిగింది: "నా కాళ్ళు కాపాడటానికి చేసుకుంటావా? ఆ జాలి నాకొద్దు."

"నీ కాళ్ళు బాగుపడేవని తెలియక ముందే అడిగినాను," అన్నాడు సైమన్. "అవ్వ కాళ్ళు చూసి అడిగినాను, నాయన కాళ్ళు చూసి అడిగినాను. నువ్వంటే నాకు ప్రాణం. సోమవారం లేని వారంలో నేను బతకలేను సుకుమారీ."

ఆమె కళ్ళు తుడుచుకుని నాయన వైపు చూసింది. మాలకొండయ్యే కూతురి చెయ్యి తీసి అతని చేతిలో పెట్టాడు. జలదంకి నుంచి సైమన్ తల్లి మర్నాడే వచ్చి కోడల్ని చూసి, "నోరు మరీ అంత పెద్దదేం కాదే," అని దీవించింది.

మూడు ఆదివారాలు గుడిలో పెళ్ళి ప్రకటన చదవాలి. అది నియమం. ఆ మూడు వారాలు సైమన్ డాక్టర్ చెప్పిన రెండు నెలల్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ గడిపాడు.

నాలుగో వారం పెళ్ళి. పాస్టరు గారు ఇద్దర్నీ భార్యాభర్తలని ప్రకటించగానే సుకుమారి సైమన్ చెవిలో తన మొక్కుబడి మొత్తం చెప్పింది. సైమన్ బస్సులో అలవాటైన గొంతెత్తి, "వద్దు! ఇది చెల్లదు! నేనొప్పుకోను!" అని అరిచాడు.

గుడంతా దిగ్భ్రాంతి చెందింది. పాస్టరు చేతిలోని పుస్తకం జారింది. సైమన్ తల్లి గుండె పట్టుకుంది. ముందు వరసలోంచి లిదియమ్మ అవ్వ ఒక్కతే, "ఆమేన్!" అంది గట్టిగా.

విందులో సుకుమారి కోడిగుడ్డు తిన్నది. ఆ సాయంత్రమే మొదటి సూది.

ఆత్మకూరులో డిపో దగ్గర చిన్న ఇంట్లో కాపురం పెట్టారు. వారాలు గడిచాయి, సూదులు పడుతూనే ఉన్నాయి. కాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఆలస్యమైపోయిందేమోనని ఇద్దరికీ లోపల భయం. పైకి ఎవరూ అనలేదు.

నవంబరు ముసురులో ఒక ఉదయం వంటింట్లోంచి కేక వినిపించింది. సైమన్ సగం గీసిన గడ్డంతో పరిగెత్తాడు. సుకుమారి కాలి వేలు పట్టుకుని నేల మీద కూర్చుని ఏడుస్తోంది, నవ్వుతోంది.

"చీమ! సైమన్, చీమ కుట్టినాది!"

అతనికి క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె పక్కనే కూలబడ్డాడు. ఆ చీమ ఇంకా అక్కడే ఉంది.

"చంపొద్దు దాన్ని!" అంది సుకుమారి.

ఉదయగిరికి బయల్దేరుతున్న కామయ్యకు సైమన్ వానలో పరిగెత్తి కబురు చెప్పాడు: "మా మామతో చెప్పన్నా, వాళ్ళ కూతుర్ని చీమ కుట్టిందని." ఇదొక కబురా అని కామయ్య నోరు తెరిచాడు. అయినా చెప్పాడు.

ఆ బస్సు తిరిగొచ్చినప్పుడు అందులోంచి మాలకొండయ్య దిగాడు. రెండు కాళ్ళకూ డాక్టరిచ్చిన పట్టీలు. వానలో తడుస్తూ, తన నడకలో తాను, ఎక్కడా ఆగకుండా ఇంట్లోకి వచ్చాడు. కూతురి ముందు కూర్చుని, ఎర్రగా వాచిన ఆ వేలిని అరచేతిలోకి తీసుకుని, చంటిపిల్లకు ఊదినట్టు ఊదాడు.

"నొప్పిగా ఉండాదా బిడ్డా?"

"శానా నొప్పిగా ఉండాది నాయనా," అంది సుకుమారి.