కల్వర్టు మీద ఎర్రగుడ్డ కొమ్మ

బిజినేపల్లి రోడ్డెక్కాలంటే మా ఊరివాళ్ళు ఒక పాత కల్వర్టు దాటాల్సి ఉండేది. ఎండాకాలం దాని మీద మేకలు పడుకునేవి. వానకు పక్కన మట్టి కోసుకుపోతే, ఎండ రాగానే నాలుగు తట్టలు పోసి మరిచిపోయేవాళ్ళం. కానీ వాన పడుతూ పొద్దుగూకిందంటే మాత్రం, మీసాలు మెలేసే మొగాళ్ళు కూడా చేలగట్ల మీదుగా చుట్టూ తిరిగి పోయేవాళ్ళు.

అక్కడ కురుమయ్య తిరుగుతాడని పేరు.

మావాళ్ళు పనికి ఎక్కువగా హైదరాబాదే పోతారు. బొంబాయి దాకా పోయింది కురుమయ్య, అతని భార్య బాలమ్మ. రెండువేల ఐదులో అక్కడి పెద్దవానకు కురుమయ్య కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. బాలమ్మ ఒక్కతే తిరిగొచ్చింది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు.

ఆ మరుసటి ఏడాది నుంచే మొదలైంది. వాన పడితే కల్వర్టు మీద కర్ర చప్పుడు — టక్... టక్... తెల్లారి చూస్తే నీళ్ళ నడుమ ఒక కొమ్మ, దాని కొసకు ఎర్రగుడ్డ. ఎవరో మంత్రం చేశారన్నారు. రెండుసార్లు ఆ కొమ్మను పీకి, కిరోసిన్ పోసి కాలబెట్టారు కూడా. మళ్ళీ వాన పడింది... మళ్ళీ కొమ్మ నిలబడింది.

ఇక మా ఊరి ఇమ్రాన్ సంగతి. నాది పంక్చర్ షాపు. అక్కడ కూర్చున్నవాడు ఏదో ఒకటి చెప్పకుండా లేవడు. ఇది ఇమ్రాన్ చెప్పిందే.

రెండువేల ఏడు, జూన్ నెల. ఇమ్రాన్ మొదటిసారి బొంబాయికి బయల్దేరాడు. ఎనిమిదింటి బస్సులో మేస్త్రి సీటు పట్టి ఉంచాడు. బస్సు తప్పితే ఆ పని ఇంకొకడిది. ఇంట్లో భార్య హసీనాకు ఏడో నెల.

సాగనంపడానికి నాగర్‌కర్నూల్ నుంచి మేనమామ చోటే మియా వచ్చాడు. ఇరవై ఏళ్ళు బొంబాయి వానల్లో నానినవాడు. అతని జాగ్రత్తలు ఒక పట్టాన తెమలవు.

"ఛత్రీ కొనకు బేటా, ఆడి గాలికి తిరగవడ్తది. ప్లాస్టిక్ కవర్ కప్పుకో. సముద్రం పోటు మీదున్నప్పుడు వాన గట్టిగ కొడితే రూము ఇడిసి పోకు. నీళ్ళు సముద్రంలకు పోవు, గల్లీలకే మళ్తయ్. రైళ్ళు బందయితే పదిమంది నడిచే దారినే నడువు. ఇంగ నీళ్ళ నడుమ కొమ్మ కనవడితే..."

"మామూ, బస్సు పోతది!" అంటూ ఇమ్రాన్ వానలోకి ఉరికాడు.

"చేలెంబడి పోరాదుండ్రి," అంది హసీనా వెనక నుంచి. చేలెంబడి పోతే అరగంట. అతని చేతిలో ఉన్నది పావుగంట. కల్వర్టు దారే పట్టాడు.

చీకటి పడింది. కల్వర్టు మీద నీళ్ళు పిక్కల దాకా పారుతున్నాయి. సెల్లు టార్చి వేశాడు. వెలుగులో వాన తప్ప ఏమీ కనిపించలేదు.

టక్...

ఆగాడు.

టక్... టక్...

అవతలి గట్టున ఏదో నిలబడి ఉంది. మనిషంత ఎత్తు, నల్లగా... తల లేదు. ఇద్దరి మధ్యా, నీళ్ళ నడుమ, ఎర్రగుడ్డ కొమ్మ.

నోటికొచ్చిన దువా అంతా చదివాడు ఇమ్రాన్. దూరంగా, రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. పోవాలి. పోకపోతే హసీనా మొహం ఎట్లా చూడాలి?

"రాకు..." అంది ఆ ఆకారం. గుసగుసలాగా.

అతనికి భయంతోపాటు కోపం కూడా వచ్చింది. ఈ కొమ్మే కదా మంత్రం... పీకి పారేస్తే సరి. రెండడుగులు వేసి కొమ్మ పట్టుకుని లాగాడు. మోకాలంత వచ్చింది. ఇంకా లాగాడు. నడుమంత వచ్చింది... తన ఎత్తు వచ్చింది... ఇంకా వస్తూనే ఉంది. కిందెక్కడా నేల తగల్లేదు.

ఆ కొమ్మ దిగింది మట్టి కోసుకుపోయిన గుంతలోకి; ఇంకొక్క అడుగైతే అతని కాలు అందులోనే పడేది.

కొమ్మ కనవడితే... మామూ చెప్పబోయింది ఇదే. బొంబాయిలో మురుగుకాల్వ గుంతకు, అదే గటరుకు, మూత లేనిచోట నిలబెట్టేది ఇదే.

"తీసినకాడనే నిలవెట్టు బిడ్డా," అంది ఆకారం. దగ్గరికి వచ్చింది. తల మీదుగా నల్ల ప్లాస్టిక్ కవరు కప్పుకుని, చేతిలో కర్రతో... బాలమ్మ.

"పెద్దమ్మా! నువ్వా?"

"జర ఎడమకు రా. నా కర్ర పడ్డకాడనే అడుగెయ్యి."

టక్... టక్... కొమ్మను తీసినచోటే దించి, ఆ చప్పుడు వెంట నడిచాడు. గట్టెక్కాక అడిగాడు, ఈ వానలో ఎందుకు నిలబడ్డావని.

"ఆ దినం నా ముంగట్నే నడుసుకుంట పోతుండె," అంది బాలమ్మ. "ఎన్కకు తిరిగి, జర పైలం అన్నడు. గంతే... లేడు. గంటయినంక ఎవరో ఆడ కొమ్మ నిలవెట్టిన్రు. గంట ముందు పెడితే ఉండెటోడు గద."

రోడ్డు మీద బస్సు లైట్లు కనబడ్డాయి.

"ఊర్ల చెప్త పెద్దమ్మా. నువ్వే అని అందరికి చెప్త."

"అద్దు!" చెయ్యి పట్టుకుంది. "కురుమయ్య దెయ్యమంటె భయపడి దూరంకెళ్ళి పోతరు. బాలమ్మంటె ఎవడాగుతడు?"

బస్సు దొరికింది. ఇమ్రాన్ రెండేళ్ళు నోరు మెదపలేదు. మొన్న కొత్త కల్వర్టు పడ్డాకే నా షాపులో కూర్చుని, ఇదంతా చెప్పాడు.

"ఆ కొమ్మ కాలబెట్టినోడెవడో గని భయ్యా... నేను పోయే దినం గిన కాలబెట్టి ఉంటే నా బిడ్డ మొహం చూడకపోదును," అన్నాడు.

నేను తల ఎత్తకుండా ట్యూబుకు గాలి కొడుతూ కూర్చున్నాను. ఆ రెండుసార్లూ కిరోసిన్ పోసింది నేనే. ఇమ్రాన్‌కు ఆ మాట ఇప్పటికీ చెప్పలేదు.